ఎనిమిదో సంతకం

నమోదు 1. సోమవారం, పాటు వేళ (సముద్రం వెనక్కి తీసే వేళ)

యూరప్ వాణిజ్య స్మృతి ప్రకారం వివాదంలో చిక్కిన ప్రతి సంస్థా తన తరఫున ఒక దినచర్య రాయించాలి. రాసేవాడికి చదువుండాలి, చేతులుండాలి. ఎనిమిదో రేవులో ఈ రెండూ ఒకే మనిషి దగ్గర దొరకడం కష్టం కనుక ఆ గౌరవం నాకు దక్కింది. నా పేరు కారి లోవరాజు. నేల మీది కాలేజీలో వాణిజ్య న్యాయ ప్రవేశిక అనే పాఠం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఫెయిలయ్యాను. అందువల్ల తోటివాళ్లకంటే నాకు రెట్టింపు తెలుసు.

మాది బంగారమ్మ అండ్ కో. ఉత్తర సముద్రం మీద తేలే ఈ రేవుకి వచ్చే ఓడల అడుగున పట్టిన గుల్లనీ పాచినీ గోకి పారేస్తాం. మా తాతల తాతలు భీమిలి వైపు సముద్రం ఊళ్లని మింగేశాక ఇటొచ్చారట. ఒక సముద్రం తరిమితే ఇంకో సముద్రంలోకి వచ్చి పడ్డవాళ్ల తెలివి అంతే ఉంటుంది. నీళ్లలో దిగేవాళ్లు ఏడుగురు: నా తోడబుట్టిన అప్ప నూకాలు, అందరికీ పెద్దవాడు పైడయ్య మామ, నా జతగాడు ఎల్లాజీ, గరికినోళ్ల అన్నదమ్ములు నలుగురు. నేను కార్యదర్శిని, భాగస్వామిని కాను. అంటే నీళ్లలో దిగను, సిరాలో దిగుతాను.

ఇవాళ నోర్డ్‌హాల్మ్ నౌకా సంస్థ నుంచి దావా నోటీసు వచ్చింది. రెండు వారాల కిందట వాళ్ల ఓడ ఫ్రెయాని గురువారం లోగా గోకి ఇస్తారా అని వాళ్లడిగారు, ఇస్తామని మేమన్నాం. అడగడం ప్రతిపాదన, సరేననడం అంగీకారం, రెండూ కలిస్తే ఒప్పందం. మొదటి వారం పాఠం. బుధవారం తుపాను వచ్చింది. ఓడ సగమే గోకాం. ఫ్రెయా అడుగున పాచి గడ్డంతోనే బయల్దేరి, ఆలస్యంగా చేరింది.

తుపాను మనిషి చేతిలో లేని విపత్తు, కాబట్టి మా తప్పు లేదని దర్జాగా జవాబు రాశాను. వాళ్ల లాయరు క్లాస్ గారు రెండు వాక్యాలు పంపారు. విపత్తు అంటే ముందుగా ఊహించలేనిది. నవంబరులో ఉత్తర సముద్రంలో తుపానుని ఊహించలేనివాడు ఇక్కడ పని ఒప్పుకోకూడదు.

మంచి జవాబు. పరీక్షలో నేను తప్పిన ప్రశ్న కూడా అదే.

నమోదు 2. బుధవారం, పాటు వేళ

సంస్థ కూడా మనిషేనని చట్టం ఎప్పుడో చెప్పింది. మనిషైతే మరి ఒళ్లేదీ అని తర్వాతి తరం అడిగింది. ఆ ప్రశ్నకి దొరికిన జవాబులోనే మేమంతా బతుకుతున్నాం. కేసు తేలడానికి పందొమ్మిదేళ్లు పట్టే రోజులు పోయాయి. ఇప్పుడు రెండు సంస్థల దేహాలూ, అంటే వాటి తరఫున కొట్లాడే మనుషులు, తమ తమ వృత్తి పనిముట్లతో పొడిరేవులోకి దిగుతాయి. పొడిరేవంటే ఓడల్ని నిలబెట్టి బాగుచేయడానికి నీళ్లు తోడేసిన పెద్ద గొయ్యి. మూడు వైపులా రాతిమెట్లు, నాలుగో వైపు ఉక్కు గేటు, గేటు అవతల సముద్రం. తొమ్మిది నిమిషాల్లో న్యాయం తేలిపోతుంది.

మా వాళ్లందరి ముందూ లేచి నిలబడి, భయపడాల్సిన పనే లేదని ఉపన్యాసం ఇచ్చాను. మనది పరిమిత బాధ్యత గల సంస్థ. రిజిస్టరులో ఎంత పణం పెట్టామో అంతవరకే పోతుంది, ఆ పైన వెంట్రుక కూడా పోదు. మేం పెట్టిన పణం పైడయ్య మామ ఎడమ చెయ్యి, మణికట్టు దాకా. అందులో రెండు వేళ్లు ఏనాడో ఓడ మరకి అర్పించేశాడు కనుక ఆయనే ముందుకొచ్చి ఇచ్చాడు. నిన్నంతా ఆ చేతికి నూనె రాసుకుంటూ, దానితోనే చుట్ట పట్టుకుంటూ, అది వెళ్లబోయే పెళ్లికూతురైనట్టు చూసుకున్నాడు.

మధ్యాహ్నం రిజిస్ట్రారు ఉత్తరం వచ్చింది. భాగస్వాముల జాబితాలో ఎనిమిది పేర్లున్నాయి, సంతకాలు ఏడే ఉన్నాయి. ఎనిమిదో వ్యక్తి సంతకం లేనందువల్ల పరిమిత సంస్థగా నమోదు చెల్లదు. ఈ ఆదేశంతో పై ఎనిమిది మందీ సాధారణ భాగస్వాములుగా పరిగణించబడతారు. ఉమ్మడిగానూ విడివిడిగానూ, మొత్తం దేహంతో, బాధ్యులు.

ఇక్కడ ఒక సంగతి నమోదు చేయాలి. చెయ్యాలని లేదు.

ఈ రేవులో కూలి చేపలే. పని అయ్యాక మా వాళ్లు పడవ మీద చేపల్ని కుప్పలు పోస్తారు. మనిషికో కుప్ప, పడవకో కుప్ప. పడవ కుప్పతోనే దానికి తారు, మేకులు, తాడు వస్తాయి. పడవకి వాటా లేకుండా పంచడం మా ఇళ్లల్లో తల్లికి పెట్టకుండా తిన్నట్టు. రిజిస్ట్రేషను కాగితం నింపుతున్నప్పుడు పడవ వాటా ఎక్కడ రాశావని అప్ప అడిగింది. పడవ మనిషి కాదని నేను చెప్పాలి. చదువుకున్నవాణ్ని, చెప్పాల్సిన వాణ్ని నేనే. కానీ నాకు నవ్వొచ్చింది. ఎనిమిదో గడిలో దివ్యంగా రాశాను: పేరు బంగారమ్మ. వయసు ముప్పై ఒకటి. ఒళ్లు గట్టిది, నలుపు. వృత్తి తేలడం. రాసి, కాగితం ఎల్లాజీకి చూపించి ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం.

సంతకం గడి ఖాళీగా వదిలేశాను. పడవ సంతకం పెట్టదు కదా.

నమోదు 3. శుక్రవారం, పాటు వేళ

నిబంధన ఇది. మా ఎనిమిది మందిలో ఏ ఒక్కరు అవతలి సంస్థ దేహాన్ని పడగొట్టినా దావా తీరిపోయి అందరూ విముక్తులవుతారు. లేకపోతే అందరూ ఒకరి తర్వాత ఒకరు దిగాలి. ఎవరిని ముందు పిలవాలన్నది వాళ్ల ఇష్టం. అందరూ పడిపోతే సంస్థ పేరు కొట్టేసి రేవులో మా చోటు వాళ్లకి ఇచ్చేస్తారు. క్లాస్ గారికి కావలసింది ఆ చోటేనని మెట్ల మీద చేపలమ్మే వాళ్లక్కూడా తెలుసు.

నోర్డ్‌హాల్మ్ దేహం పేరు డిర్క్. భుజాల నుంచి మోకాళ్ల దాకా ఉక్కు చట్రం తొడుక్కుంటాడు. దాని కుడి చెయ్యి చిన్న క్రేను, ఎడమ చేతి నుంచి లంగరు గొలుసు. ఓడల సంస్థ కదా, అవే వాళ్ల పనిముట్లు. మావి గోకుడు కత్తులు, జానెడు.

మొదలయ్యే ముందు డిర్క్ నా దగ్గరికి వచ్చాడు. చాలా మర్యాదస్తుడు. చట్రం కీచుమనకుండా మెల్లగా వంగి, మీ భాషలో క్షమించమని ఎలా అడుగుతారని అడిగాడు. మా వాళ్ల మాటే నేర్పాను. రెండుసార్లు పలికి చూసుకున్నాడు.

మొదట పైడయ్య మామని పిలిచారు. ఆయన మెట్లు దిగుతూ నా భుజం పట్టుకున్నాడు.

"సెయ్యొక్కటే అనుకున్నాను గానీ అల్లుడూ, మిగతాది కూడా దాని ఎనకే వొత్తానంటంది."

నేను నవ్వాను. ఆయన నవ్వించడానికే అన్నాడు కాబట్టి.

డిర్క్ "తప్పయిపోనాది" అన్నాడు. గొలుసు విసిరాడు. మొదటి దెబ్బకి మామ మోకాలు పక్కకి తిరిగింది. కింద కూర్చునే కత్తి ఊపాడు, ఉక్కు మీద నిప్పురవ్వ లేచింది. రెండో దెబ్బకి ముందూ "తప్పయిపోనాది" అనే మాట వినబడింది. గొలుసు ఛాతీకి రెండు చుట్లు పడింది. క్రేను చెయ్యి గొలుసుని పైకి లాగింది. ఎముకలు విరిగిన చప్పుడు మెట్ల పై వరస దాకా వచ్చింది. మూడో నిమిషంలో ఆయన కాళ్లు కొట్టుకోవడం ఆగిపోయింది.

తీర్పు చెప్పే యంత్రాన్ని మా వాళ్లు పెద్దమనిషి అంటారు. గంట కొట్టి, నాలుగు భాషల్లో "తీరలేదు" అంది.

ఆ ఎడమ చెయ్యి గొలుసు సందులోంచి బయటికి వేలాడుతోంది. దానికి చిన్న దెబ్బ కూడా తగల్లేదు.

నమోదు 4. శనివారం, పోటు వేళ

మామని సముద్రంలో వదిలి వచ్చాం. బంగారమ్మ మీదే తీసుకెళ్లాం. తిరిగొచ్చేటప్పుడు మా అప్ప చుక్కాని పట్టుకుని నా వైపు చూడకుండా అడిగింది, ఎనిమిదో పేరు ఎందుకు రాశావని. నువ్వే అడిగావు కదప్పా అన్నాను.

"నాకు సదువు నేదు, నానడుగుతాను. నీకు తెలుసు గదా. ఎందుకు రాసినావు?"

నవ్వులాటకి అన్నాను.

తాడు పట్టి కాయలు కాసిన చెయ్యి. చెంప మీద పడితే చెవిలో సముద్రం వినబడింది. ఆవిడ మళ్లీ చుక్కాని పట్టుకుంది. గరికినోళ్లలో చిన్నవాడు పడవ అంచు మీద కూర్చుని నా వైపు చూసి మొహం తిప్పుకున్నాడు. ఎల్లాజీ ఒక్కడే పక్కకొచ్చి కూర్చున్నాడు. వాడూ నవ్వాడు కదా ఆ రోజు.

నమోదు 5. మరుసటి శుక్రవారం, పాటు వేళ

వారంలో నాలుగు పిలుపులు. గరికిన పెద్దోడికి కుడి కాలు తొడ దగ్గర నుజ్జయింది, రేవు వైద్యుడు రంపంతో తీసేశాడు. రెండోవాడికి ఒక కన్ను పోయింది. మూడోవాడు బతికే ఉన్నాడు గానీ దవడ లేదు, గొట్టంతో గంజి పోస్తున్నారు. చిన్నవాణ్ని క్రేను చెయ్యి మెట్లకేసి కొడితే నడుము విరిగింది. నలుగురి దగ్గరా డిర్క్ ముందు ఆ మాట అన్నాడు. ఉచ్చారణ రోజురోజుకీ బాగుపడుతోంది.

హాస్యం కోసం ప్రయత్నించాను. ఈ పేరాలో ఎక్కడా దొరకలేదు.

ఇవాళ ఎల్లాజీ. మా అందరిలో వేగం వాడిదే. గొలుసు కిందుగా దూరి, చట్రం వెనక్కి పోయి, డిర్క్ మెడ వెనక రెండు పట్టీలు కోసేశాడు. డిర్క్ ఎడమ చెవి తెగి నేల మీద పడింది. మెట్ల మీద జనం లేచి నిలబడ్డారు. నేనూ నిలబడి ఏం అరిచానో తెలియదు. ఆ క్షణంలో మేం గెలిచాం అనుకున్నాను. నాలుగో నిమిషం అది.

అయిదో నిమిషంలో క్రేను చెయ్యి వాణ్ని నడుము దగ్గర పట్టుకుని ఉక్కు గేటుకేసి గుద్దింది. ఒకసారి కాదు. గేటు పలకల మధ్య నుంచి సన్నగా కారే సముద్రపు నీరు వాడి నెత్తురుని కడిగేస్తోంది. మళ్లీ గుద్దుతోంది, మళ్లీ కడుగుతోంది. డిర్క్ ఏడుస్తున్నాడు. ఆ మాట అనడం మాత్రం మానలేదు.

వాడు చచ్చిపోయాక క్రేను చెయ్యి ఆగింది. అప్పుడు వినబడింది. ఠంగ్. కాసేపాగి మళ్లీ ఠంగ్. గేటు అవతల కట్టిన బంగారమ్మ అల వచ్చినప్పుడల్లా గేటుని గుద్దుకుంటోంది. మమ్మల్ని రోజూ తెచ్చి, రోజూ అక్కడే నిలబడి, పిలుపు కోసం చూస్తున్నదానిలా.

పెద్దమనిషి గంట కొట్టి, "తీరలేదు. మిగిలిన భాగస్వాములు ఇద్దరు: నూకాలు, బంగారమ్మ" అని చదివింది.

నేను రిజిస్ట్రారు ఉత్తరం జేబులోంచి తీసి మళ్లీ చదివాను. ఎనిమిది మందీ.

నమోదు 6. శనివారం, పోటు వేళ

ఎంపిక విచారణ. ఇద్దరిలో ఎవరిని పిలవాలో క్లాస్ గారు చెప్పాలి. అప్ప మొదటి మెట్టు మీద కూర్చుని ఉంది. ఇరవై రెండేళ్లు ఓడల్ని గోకిన భుజాలు. ఆయన చాలాసేపు ఆ భుజాలనే చూశాడు.

ఒప్పందంలోనైనా వివాదంలోనైనా సద్భావంతో మెలగాలి, అడిగినదానికి నిజం చెప్పాలి. స్మృతిలో నాకు నోటికొచ్చిన ఏకైక నిబంధన అదే. అబద్ధం తేలితే గెలిచిన దావా కూడా రద్దవుతుంది. అందుకని నిజమే చెప్పాను. పెద్దమనిషి ప్రతి మాటా రాసుకుంది.

"ఈ బంగారమ్మ ఎవరు? ఇన్ని రోజుల్లో ఒక్కసారీ నేను చూడలేదు" అన్నాడు క్లాస్.

"రోజూ వస్తుందండి. బయటే ఉంటుంది."

"లోపలికి రావడానికి భయమా?"

"ఇంతవరకూ ఎవరూ పిలవలేదు."

"వయసు?"

"ముప్పై ఒకటి."

"ఆరోగ్యం?"

"కిందటేడు అడుగున కొంచెం పుచ్చింది. బాగుచేయించాం."

మెట్ల మీద ఎవరో నవ్వారు. క్లాస్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"బరువు?"

"పదకొండు టన్నులు."

ఈసారి అందరూ నవ్వారు. డిర్క్ కూడా, చెవి చోట కట్టిన కట్టు పట్టుకుని. నేను ఎనిమిదో రేవులో పేరుమోసిన వెకిలివాణ్ని. నా నోట్లోంచి వచ్చిన నిజం కూడా వేషం వేసుకున్నట్టే ఉంటుంది.

"మీ వాళ్లు చస్తుంటే కూడా మీకు హాస్యమేనా లోవరాజు గారూ?"

"నిజమేనండి. నా మీద ఆ ఫిర్యాదు మా ఇంట్లో కూడా ఉంది."

ఆయన రిజిస్ట్రేషను కాగితం అడగలేదు. పక్క గదిలోనే ఉంది. అడిగితే వృత్తి అనే గడి చదివేవాడు. దాక్కునే మనిషి బలహీనురాలై ఉంటుందని, ముందు ఆమెని తేలిగ్గా పడగొట్టేస్తే చివరికి ఈ భుజాల మనిషి ఒక్కతే మిగులుతుందని లెక్క వేసుకున్నట్టున్నాడు. బంగారమ్మని పిలుస్తున్నామన్నాడు.

నేను రెండు విన్నపాలు చేశాను. విచారణ పోటు వేళ, సముద్రం పొంగి ఉన్నప్పుడు, జరగాలి. బంగారమ్మ తనకి తగిన ద్వారం గుండా రావాలి. రథమెక్కి వచ్చినా నాకు అభ్యంతరం లేదన్నాడు క్లాస్. పెద్దమనిషి అదీ రాసుకుంది.

బయటికి వచ్చాక అప్పకి చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. ఆవిడ పడవ దగ్గరికి వెళ్లి దాని ముక్కు మీద చెయ్యి వేసింది.

"ఇది పోతే మనకేటుంటాదిరా? నలుగురు మంచాన పడున్నారు. మామ ఇల్లుంది, ఎల్లాజీ ఇల్లుంది. ఏటి తింటారు? దాన్నొగ్గీ, నానెల్తాను."

నువ్వు పోతే అదొక్కటీ ఉండి ఏం చేస్తుందప్పా, అదే ఓడలు గోకుతుందా అని అడిగాను. తారు డబ్బా తెమ్మంది. ఇద్దరం కలిసి అడుగంతా తారు పూశాం. ముక్కుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, ముక్కుకి రెండు వైపులా గీసి చెదిరిపోయిన కళ్లని సున్నంతో మళ్లీ దిద్దింది. అంతా అయ్యాక నా మొహం వైపు మొదటిసారి సూటిగా చూసింది.

"నువ్వు నవ్వకుండా ఉంటే మామ బతుకును. అది మరిచిపోకు."

మరిచిపోనని ఇక్కడ నమోదు చేస్తున్నాను.

నమోదు 7. ఆదివారం, నిండు పోటు

మెట్లన్నీ నిండిపోయాయి. డిర్క్ కొత్త పట్టీలు బిగించుకుని పొడిరేవు మధ్యలో నిలబడ్డాడు. బంగారమ్మ ఎక్కడ అని పెద్దమనిషి అడిగింది. గేటు అవతల, అన్నాను. తన ద్వారం దగ్గర.

యంత్రం కన్ను గేటు పైకి లేచి అవతలికి చూసింది. క్లాస్ కూడా మెట్లెక్కి చూశాడు. మనిషి మొహంలో నెత్తురు అంత వేగంగా దిగిపోవడం దెబ్బ తగిలినవాళ్లలో కూడా నేను చూడలేదు. ఇది మనిషి కాదు, పడవ అని అరిచాడు. మోసం అన్నాడు.

నేను లేచాను. గొంతు కాలేజీలో ఎక్కడో నేర్చుకున్నట్టుంది, నిలబడింది.

"ఒళ్లు లేని సంస్థని మనిషిగా ఒప్పుకున్న చట్టం, ఒళ్లున్న పడవని ఎలా కాదంటుందండి? పోనీ అది భాగస్వామి కాదనుకోండి. అప్పుడు మేం ఏడుగురమే, సంతకాలు ఏడూ ఉన్నాయి, మాది పరిమిత సంస్థే. పైడయ్య ఎడమ చెయ్యి తప్ప మీకు రావలసింది ఏమీ లేదు. మిగతా ప్రాణాలు, కాలు, కన్ను, దవడ అన్నీ వెనక్కిచ్చేయండి. ఏది కావాలో మీరే చెప్పాలి."

పెద్దమనిషి పదకొండు సెకన్లు తన రాతలు తిరగేసింది. అంతసేపు అది ఆలోచించడం ఎవరూ ఎరగరు. తర్వాత నాలుగు భాషల్లో ముందుగా మాదే ఎంచుకుని, పాత గ్రంథాల తెలుగులో చెప్పింది: "రిజిస్ట్రారు ఆదేశము ఎనమండుగురను భాగస్వాములుగ స్థిరపరచినది. ఫిర్యాది ఆ ఆదేశముచే ఇదివరకే ఆరుమారులు లబ్ధి పొందియున్నాడు. లాభమునకు ఒప్పుకొన్న దానిని నష్టమునకు కాదనరాదు. ద్వారము తెరువబడును."

డిర్క్‌కి ఈ భాష రాదు. ఏమైందన్నట్టు నా వైపు చూశాడు. నేను ఆ ఒక్క మాటే అన్నాను. "తప్పయిపోనాది."

అతనికి అర్థమైంది. వెనక్కి తిరిగి మెట్ల వైపు పరిగెత్తాడు. ఆ చట్రంతో ఎంత పరిగెత్తగలడు.

గేటు మధ్యకి చీలింది. సముద్రం గోడలా లోపలికి వచ్చింది. దాని నెత్తి మీద బంగారమ్మ, చుక్కాని తాడుతో బిగించి కట్టి, మీద ఒక్క మనిషి లేకుండా, సున్నం కళ్లు తెరుచుకుని వచ్చింది. డిర్క్ మూడో మెట్టు మీద ఉన్నాడు. గొలుసు విసిరాడు. గొలుసు పడవ కొమ్ముకి చుట్టుకుంది. పైడయ్య మామకి చుట్టినట్టే రెండు చుట్లు. పదకొండు టన్నులు ఆగవు. గొలుసు రెండో కొస అతని ఎడమ చేతికే ఉంది. బంగారమ్మ అతన్ని వెనక్కి లాక్కుపోయి, తన ముక్కుకీ రాతిగోడకీ మధ్య పెట్టి గుద్దింది. ఉక్కు చట్రం డబ్బాలా నొక్కుకుపోయింది. క్రేను చెయ్యి రెండుసార్లు పైకి లేచి పడవ పలకల్ని చీల్చింది. మూడోసారి లేవలేదు. బంగారమ్మ వెన్ను విరిగిన చప్పుడు, మనిషి వెన్ను విరిగిన చప్పుడు వేరువేరుగా వినబడలేదు. ఇద్దరూ కలిసే మునిగారు.

నీళ్లు సర్దుకున్నాయి. ఎర్రగా, నల్లగా, తారు వాసనతో.

పెద్దమనిషి గంట కొట్టి, "తీరినది. అందరూ విముక్తులు" అంది.

ఎవరూ కేక వేయలేదు. అప్ప అప్పటికే గోకుడు కత్తి నోట కరిచి నీళ్లలోకి దూకేసింది. ఆవిడ పైకి వచ్చేదాకా నేను లెక్కపెట్టాను, నూట నలభై. డిర్క్ ఒంటి మీద పట్టీలన్నీ కోసి జుట్టు పట్టుకుని తెచ్చింది. ప్రాణం లేదు. మెట్టు మీద పడుకోబెట్టి, నోట్లో నీళ్లు వంచి, కళ్లు మూసింది. వాడు మనవాళ్లని చంపాడు కదప్పా అన్నాను.

"నీల్లలో పడినోడికి మన పచ్చం, ఆల్ల పచ్చం ఏట్రా? ఆడి ఇంట్లోనూ సూత్తుంటారు."

క్లాస్ మాత్రం అప్పటికి వెళ్లిపోయాడు. కొత్త దేహం కోసం ప్రకటన రాసుకోవాలి కదా.

నమోదు 8. గురువారం, పాటు వేళ

అరువు తెచ్చిన తెప్ప మీద ఇవాళ పనికి వెళ్లాం. అప్ప, నేను, మంచం దిగొచ్చి తెప్ప మీద తాడు పట్టిన, ఒక కాలు లేని గరికిన పెద్దోడు. అవును, నేను. నీళ్లు ఇంత చల్లగా ఉంటాయని ఇన్నేళ్లూ నాకు ఎవరూ చెప్పలేదు. అంటే చెప్పారు, నేను జోకనుకున్నాను. ఒక చిన్న ఓడ గోకేసరికి అరచేతుల్లో చర్మం మిగల్లేదు. ఈ అక్షరాలు అందుకే వంకర.

కూలి చేపలు తెచ్చి అప్ప తెప్ప మీద కుప్పలు పోసింది. మామ ఇంటికి, ఎల్లాజీ ఇంటికి, మంచాన ఉన్న ముగ్గురికి, పెద్దోడికి, తనకి. ఏడు. చెయ్యి ఆగకుండా ఎనిమిదో కుప్ప కూడా పోసింది. పోశాక దాని వైపు చూసింది. మేం ముగ్గురం చూశాం. అలవాటు చేతిది, మనిషిది కాదు.

నేను ఏదో అనబోయాను. నవ్వొచ్చేదే, మంచిదే. మింగేశాను.

అప్ప ఆ కుప్పని కాలితో నా వైపు తోసింది.

"తీసుకో. ఇకనించి మొయ్యడం నీ పని. పిలుపొత్తే దిగడం కూడా."

మధ్యాహ్నం రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్లాం. అదే గుమాస్తా, అదే కాగితం. ఈసారి పరిమిత సంస్థగా. చచ్చినవాళ్ల గడుల్లో వాళ్ల ఇళ్లవాళ్ల పేర్లు. పణం ఏం పెడతారని గుమాస్తా అడిగాడు. అప్ప నా వైపు చూసింది. కుడి చెయ్యి, మణికట్టు దాకా, అన్నాను. రాసే చెయ్యా అని అడిగాడు. దానివల్లే ఇంతా జరిగిందండి అన్నాను. ఏడు సంతకాలు అయ్యాయి. దవడ లేనివాడు వేలిముద్ర పంపాడు.

ఎనిమిదో గడిలో నా పేరు రాశాను. వయసు ఇరవై నాలుగు. ఒళ్లు, గట్టిపడాలి. వృత్తి దగ్గర కలం ఆగింది. గుమాస్తాకి పాత కాగితం గుర్తున్నట్టుంది, నా మొహం వైపే చూస్తున్నాడు.

తేలడం, అని రాశాను.

అతను నవ్వలేదు. నేనూ నవ్వలేదు. సంతకం పెట్టాను.